ఎదుటి కుర్చీలో తోటి సైనికుడు ఉండాలి

సంపాదకులకు,

అయ్యా,

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం నాడు, జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవం నాడు జిల్లా కేంద్రాల్లో సభలు జరుగుతాయి. పాత సైనికులకు శాలువాలు కప్పుతారు, అమర సైనికుల భార్యలైన వీరనారులకు చీర, జ్ఞాపిక ఇస్తారు, మరునాడు మీ జిల్లా పేజీలో ఫొటోలు వస్తాయి. ఆ మర్యాదకు మేమంతా కృతజ్ఞులం. అయితే శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్లిన మనిషికి రాత్రిళ్లు నిద్ర పడుతోందా, భార్యాబిడ్డలతో మాట కలుస్తోందా అని కనుక్కునే ఏర్పాటు నాకు తెలిసిన మండలాల్లో ఎక్కడా లేదు. యుద్ధరంగంలోనో, తీవ్రవాద ప్రాంతాల విధుల్లోనో, ప్రమాదాల్లోనో మనసు దెబ్బతిని వచ్చినవారికి, అలాంటి అనుభవం దాటి వచ్చిన మాజీ సైనికులే శిక్షణ పొంది తోడుగా నిలిచే బృందాలను ప్రతి జిల్లాలో పెట్టాలని, ఆ బాధ్యతను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలకు అప్పగించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి సుబేదారుగా పదవీ విరమణ చేసినవాణ్ని. మాది పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం ప్రాంతం. మా మండలంలోని మాధవరాన్ని ఈ చుట్టుపక్కల ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి అక్కడి కుటుంబాలు తరం తర్వాత తరం సైన్యానికి బిడ్డలను పంపుతూనే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలో కూడా సైన్యంలో చేరడం ఇంటి ఆనవాయితీగా సాగుతున్న ఊళ్లు చాలా ఉన్నాయి. సైనికుడు ఎవరికీ వింత కాని ఇలాంటి చోట్ల సైతం అతను మోసుకొచ్చిన బాధ గురించి మాట్లాడేవారు లేరంటే, ఊరికి ఒకరో ఇద్దరో మాత్రమే ఉన్న పల్లెల్లో వారి ఒంటరితనం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

జవాన్లలో చాలామంది నలభై ఏళ్లు నిండకముందే, లేదా ఆ దరిదాపుల్లో, డిశ్చార్జి అయి ఇంటికి వస్తారు. పగలూ రాత్రీ పక్కనే ఉన్న యూనిట్ ఒక్కసారిగా దూరమవుతుంది. ఎన్నో ఏళ్లు సెలవులకు మాత్రమే వచ్చిపోయిన తండ్రి ఇప్పుడు రోజంతా ఇంట్లో ఉంటే పిల్లలకూ కొత్తగానే ఉంటుంది. ఈ సర్దుబాటు అందరికీ ఉండేదే, చాలామంది ఏడాది రెండేళ్లలో కుదురుకుంటారు కూడా. కొందరు కుదురుకోరు. 1987 నుంచి 1990 వరకు శ్రీలంకలో శాంతి దళంలో పనిచేసినవారు, 1999లో కార్గిల్ కొండలెక్కినవారు, కశ్మీర్‌లోనో ఈశాన్య రాష్ట్రాల్లోనో పక్కనున్నవాడు మందుపాతరకు ముక్కలవడం చూసినవారు మా ప్రాంతంలో ఉన్నారు. వారిలో కొందరు దీపావళి వారం ఊళ్లో ఉండరు, పొలంలోని మోటారు షెడ్డులో పడుకుంటారు. కొందరు బస్సులో కిటికీ పక్కన కూర్చోరు, పెళ్లి పందిట్లో గోడకు వీపు ఆనించి గాని నిలబడరు. ఎప్పుడో జరిగిన సంఘటన ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ల ముందు కదలడం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, కలత నిద్ర, ఎవరితోనూ పొసగని చిరాకు, నవ్వూ ఏడుపూ రెండూ రాని మొద్దుబారినతనం ఇలా దెబ్బతిన్న మనసు లక్షణాలు. ఇవి సంఘటన జరిగిన వెంటనే కనబడాలని లేదు, కొన్నేళ్ల తర్వాత బయటపడటమూ ఉంది. మన ఊళ్లలో దీనికి ‘మిలటరీ కోపం’ అని పేరు పెట్టి వదిలేస్తారు. మరీ ముదిరితే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు.

మిలటరీ క్యాంటీన్ మద్యం కోటా సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. నిద్ర పట్టని మనిషికి చేతికందే దూరంలో తక్కువ ధరకు దొరికే సీసా అదే. మొదట నిద్ర కోసం తాగుతాడు, తర్వాత అది లేకపోతే నిద్ర రాదు, ఆ పైన చేతులు వణుకుతాయి. అతన్ని తాగుబోతు అని ఊరంతా అంటుంది గాని, ఏ రాత్రిని మరిచిపోవడానికి తాగుతున్నాడో ఎవరూ అడగరు.

డాక్టరు దగ్గరకు వెళ్లవచ్చు కదా అని మీ పాఠకులు అనుకోవచ్చు. 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ పథకం వల్ల పెన్షన్ తీసుకునే మాజీ సైనికులకు వైద్యం అందుతోంది, అది మాకు పెద్ద ఆసరా. షుగరుకు, బీపీకి, గుండె జబ్బుకు మావాళ్లు మొహమాటం లేకుండా పాలీక్లినిక్‌కు వెళతారు. మనసు సంగతి వచ్చేసరికి నోరు మెదపరు. సర్వీసులో ఉండగా మెడికల్ క్యాటగిరీ, అంటే ఆరోగ్య శ్రేణి, తగ్గితే ప్రమోషన్ మీద దెబ్బ పడుతుందని, మంచి పోస్టింగు పోతుందని భయపడి దాచడం అలవాటైన మనిషి డిశ్చార్జి తర్వాత కూడా అదే అలవాటులో ఉంటాడు. పైగా మా మాజీ సైనికుల్లో ఎందరో బ్యాంకుల దగ్గర, ఏటీఎం నగదు వాహనాల్లో తుపాకీ పట్టుకుని కాపలా ఉద్యోగం చేస్తున్నారు. మతి స్థిమితం లేదన్న మాట ఒకసారి కాగితం మీదకు ఎక్కితే తుపాకీ లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే ఉద్యోగమూ పోతుంది. ఇంట్లో పెళ్లి కావలసిన ఆడపిల్ల ఉంటే మరో భయం. ఈ భయాల్లో ఏదీ అర్థం లేనిది కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం అతని హక్కు. ఆ సంగతి తెలిసినవారు తక్కువ, తెలిసినా నమ్మేవారు ఇంకా తక్కువ.

మరి వీళ్లు ఎవరి దగ్గర నోరు విప్పుతారో నేను కళ్లారా చూశాను. మా వైపు ఒక మాజీ సైనికుల సంఘం గదిలో ఆదివారం పూట కొందరం కూర్చుంటాం. పది పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు అమర జవాన్ల ఫొటోలు, ఒక పాత కంప్యూటర్. వచ్చేవారు మనసు బాగాలేదని రారు, స్పర్శ్ పోర్టల్‌లో పెన్షన్ వివరాలు సరిచేయించుకోవడానికో, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసమో వస్తారు. అలా వచ్చిన ఒక హవల్దార్, శ్రీలంకలో పనిచేసినవాడు, వేలిముద్ర పడే లోపు మిషను ముందు కూర్చుని ఉన్నాడు. బయట ఎవరో లారీ టైరు పేలితే కుర్చీతో సహా వెనక్కి వెళ్లి గోడకు కొట్టుకున్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. కంప్యూటర్ దగ్గరున్న నాయక్ కళ్లు తెర మీద నుంచి తిప్పకుండానే, “నాకూ అంతే అన్నా, మా ఇంట్లో కుక్కర్ విజిల్ తీసేయించాను” అన్నాడు. ఆ పూట ఆ హవల్దార్ భోజనానికి ఇంటికి వెళ్లలేదు, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని మాట్లాడాడు. తర్వాత రెండు నెలలకు తనంతట తానే, “సాబ్, ఆ డాక్టరు దగ్గరకు నాతో వస్తారా?” అని అడిగాడు. అంతకు ముందు భార్య ఎన్ని ఏళ్లుగా బతిమాలినా అతను కదలలేదు. నాయక్ ఏ చికిత్సా చేయలేదు, తన సంగతి ఒక్క ముక్క చెప్పాడు, అంతే. కానీ ఆ ముక్క ఆ నోటి నుంచే రావాలి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో 1970లో, వియత్నాం యుద్ధం ఇంకా నడుస్తుండగానే, తిరిగివచ్చిన కొందరు సైనికులు న్యూయార్క్‌లో తమలో తామే గుంపుగా కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వ ఆసుపత్రుల మీద వారికి నమ్మకం లేదు. రాబర్ట్ జే లిఫ్టన్, హైమ్ షాటన్ అనే ఇద్దరు మానసిక వైద్యులు అక్కడికి వెళ్లి, వైద్యుల హోదాలో కాక తోటి మనుషులుగా ఆ గుంపులో కూర్చున్నారు. భయంకర అనుభవం తర్వాత మనసును పట్టి పీడించే, నేడు పీటీఎస్‌డీ అని అందరూ అంటున్న రుగ్మతకు 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం అధికారిక గుర్తింపు ఇచ్చిందంటే, దాని వెనుక ఆ కూటముల్లో విన్న మాటల పాత్ర చాలా ఉంది. 1979లో అక్కడి ప్రభుత్వం ‘వెట్ సెంటర్లు’ అనే మాజీ సైనికుల కౌన్సెలింగ్ కేంద్రాలు పెట్టింది. వాటిని ఆసుపత్రుల ఆవరణల్లో కాకుండా మామూలు బజారు వీధుల్లో పెట్టారు, సిబ్బందిలో చాలామందిని మాజీ సైనికుల నుంచే తీసుకున్నారు. ప్రాణాపాయం ఉంటే తప్ప, అక్కడ చెప్పుకున్న విషయాలు ఆ వ్యక్తి సమ్మతి లేకుండా సైన్యానికి గాని, ఆసుపత్రికి గాని చేరవు. ఇప్పుడు అలాంటివి దేశమంతా 300 దాకా ఉన్నాయి, అమరుల కుటుంబాలు కూడా అక్కడికి వెళ్లవచ్చు. ఆస్ట్రేలియా కూడా తన వియత్నాం సైనికుల కోసం 1982లో ప్రత్యేక కౌన్సెలింగ్ సేవ మొదలుపెట్టి, తర్వాత దాన్ని మిగతా సైనికులకూ కుటుంబాలకూ విస్తరించింది. మన దేశం 1947 నుంచి ఇన్ని యుద్ధాలు చేసి, ఏళ్ల తరబడి సరిహద్దుల్లో, అడవుల్లో, మంచులో మనుషుల్ని నిలబెట్టి కూడా ఇలాంటి ఏర్పాటును ఊళ్ల దాకా తీసుకురాకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

అంత డబ్బు మనకెక్కడిదని అనేవారికి ఇంకో రెండు ఉదాహరణలు చెబుతాను. జింబాబ్వేలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉన్న పరిస్థితుల్లో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో పేటల్లోని అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల దగ్గర చెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టి, బాధలో ఉన్నవారితో మాట్లాడించడం మొదలుపెట్టాడు. అలా మాట్లాడినవారిలో దిగులు లక్షణాలు గణనీయంగా తగ్గాయని 2016లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మన గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ‘ఆత్మీయత’ కార్యక్రమం కింద ఊరివాళ్లే శిక్షణ పొంది, కుంగిపోయిన తోటివారి ఇళ్లకు నాలుగైదు సార్లు వెళ్లి మాట్లాడతారు, అవసరమైతే జిల్లా వైద్యుడి దగ్గరకు పంపుతారు, దానితో పాటే ఆ ఇంటికి రావలసిన ప్రభుత్వ పథకాలు ఇప్పిస్తారు. ఈ చివరిది చాలా తెలివైన పని. మా సంఘం గదిలో పెన్షన్ కాగితం చేస్తున్న మేలూ అదే. ఆ పని మీద వచ్చినవాణ్ని ఊళ్లో ఎవరూ వేలెత్తి చూపరు.

శిక్షణ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసు ఒక్కటే ఉంటే ఈ పనిలో కీడు కూడా జరుగుతుంది. దెబ్బతిన్న మనిషిని ఒక్కసారి కూర్చోబెట్టి, ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పమని ఒత్తిడి చేయడం మేలు చేయదని పరిశోధనల్లో తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ పద్ధతి వద్దంటోంది. చెప్పాలనిపిస్తే చెబుతాడు, లేకపోతే టీ తాగి వెళతాడు, రెండింటికీ ఆ గదిలో చోటుండాలి. తోడు నిలిచే వ్యక్తికి వినడం రావాలి, సలహాలు గుప్పించకుండా ఉండటం రావాలి, విన్నది ఇంట్లో భార్యకు కూడా చెప్పకుండా ఉంచుకోవడం రావాలి. ఎదుటివాడి మాటల్లో చావు తలపు కనబడితే గుర్తుపట్టి సూటిగా అడగడం, ఇంట్లో తుపాకీ, పురుగుమందు ఉన్నాయేమో కనుక్కుని వాటిని దూరం పెట్టించడం, ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలకుండా వైద్యుడికి చేర్చడం రావాలి. అతనికి తనదైన గాయం కూడా ఉంటుంది కాబట్టి, విన్నది తనను ముంచెత్తకుండా నెలకొకసారి మానసిక వైద్య నిపుణుడితో కూర్చుని మాట్లాడుకునే వీలుండాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 1999 ఒడిశా పెను తుఫాను తర్వాత, 2001 గుజరాత్ భూకంపం తర్వాత స్థానికులకే ఇలాంటి శిక్షణ ఇచ్చింది. వారి సాయంతో తెలుగులో ఒక శిక్షణ పాఠం తయారు చేసుకోవడం కష్టం కాదు. 1977 దివిసీమ ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకుని, ఎవరికీ చెప్పుకోకుండానే ముసలివాళ్లయినవారిని ఎరిగిన కోస్తా ప్రజలకు ఇలాంటి పాఠం విలువ వేరే వివరించనక్కరలేదు. రేపు తుఫాను వచ్చినా, 2020 మే 7న విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో జరిగినట్టు విషవాయువు లీకైనా అదే శిక్షణ పొందినవారు అక్కడా పనికొస్తారు.

మా సంఘాల్లో ఉన్న లోపాలు కూడా నాకు తెలుసు. హోదాల పట్టింపు డిశ్చార్జి తర్వాత కూడా పోదు, ఆఫీసరు ఉన్న గదిలో సిపాయి నోరు విప్పడు. ఎన్నికలప్పుడు సంఘాలు పార్టీల వారీగా, కులాల వారీగా చీలుతాయి. నలుగురు కలిస్తే సీసా బయటికి వచ్చే అలవాటూ ఉంది. అందుకే తోడు బృందాన్ని సంఘం కార్యవర్గానికి ముడిపెట్టకూడదు. ఆ గదిలో హోదా ఉండకూడదు, మద్యం ఉండకూడదు, సన్మానాలూ ఫొటోలూ ఉండకూడదు. మద్యం మానాలనుకునేవారి కోసం ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటములు హైదరాబాద్‌లోనూ ఇతర పట్టణాల్లోనూ జరుగుతున్నాయి. వాటితో సంబంధం పెట్టుకుంటే తోడు బృందానికి ఎంతో ఉపయోగం.

భార్యల సంగతి చాలా కాలంగా ఎవరూ పట్టించుకోలేదు. రాత్రి అతను కేకవేసి లేస్తే పక్కన ఉన్నది ఆమె. నిద్రలో అతని చెయ్యి గొంతు మీద పడితే, తెల్లారాక ఎవరికీ చెప్పకుండా పిల్లలకు క్యారేజీ కట్టి బడికి పంపేది ఆమె. భర్తను పోగొట్టుకున్న వీరనారి పరిస్థితి మరోలా కష్టం. పరిహారం డబ్బు కోసం అత్తింటివారూ పుట్టింటివారూ గొడవ పడుతుంటే ఆమె దుఃఖానికి ఎవరికీ తీరిక ఉండదు. వీరికి వేరే బృందం, వీరిలోనుంచే శిక్షణ పొందిన ఆడవాళ్లతో, ఉండాలి. వారం వారం కూర్చుని మాట్లాడుకోవడం, ఒకరి అప్పు ఒకరు మోయడం డ్వాక్రా సంఘాల ద్వారా మన ఆడవాళ్లకు ఎప్పుడో అలవాటైన పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో చదువు కోసం కలిసిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారని మనందరికీ తెలుసు. ఆ శక్తి ఉన్న నేల మీద వీరనారుల బృందం పెట్టడానికి ఎవరినుంచో నేర్చుకోవలసిన అవసరం లేదు.

ఇక సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాల నుంచి వచ్చినవారు ‘మాజీ సైనికుడు’ అన్న నిర్వచనంలోకి రారు, ఈసీహెచ్ఎస్ వారికి వర్తించదు. కశ్మీర్‌లోనూ ఛత్తీస్‌గఢ్ అడవుల్లోనూ వారు చూసింది మేము చూసినదానికి తక్కువేమీ కాదు. నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం కింద 2022 చివర్లో, 2023 మొదట్లో చేరిన తొలి బ్యాచ్‌లకు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండుతాయి. వారిలో 25 శాతం వరకు మాత్రమే కొనసాగుతారు, మిగిలినవారు ఇరవైల వయసులోనే పెన్షన్, ఈసీహెచ్ఎస్ కార్డు, మాజీ సైనికుడన్న హోదా ఏవీ లేకుండా ఇళ్లకు వస్తారు. ఆ పిల్లల్లో యుద్ధపు చప్పుడు విన్నవారూ ఉంటారు. తోడు బృందం గుమ్మం దగ్గర కార్డు అడగకూడదు. యూనిఫాం వేసుకుని పనిచేశారంటే లోపలికి రానివ్వాలి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనడం లేదు. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. సైనికుల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరు 1న ప్రత్యేక టెలి మానస్ విభాగం కూడా ప్రారంభమైంది. ఈ నంబరును మీ పత్రిక తరచుగా ప్రచురిస్తే మంచిది. కానీ ఆ నంబరు నొక్కడానికి కావలసిన ధైర్యం ఒంటరిగా కూర్చున్నవాడికి అంత తేలికగా రాదు. పక్కన కూర్చుని, “నేనూ చేశాను, వాళ్లు పేరు కూడా అడగలేదు” అని చెప్పేవాడు కావాలి.

కాబట్టి రెండు రాష్ట్రాల సైనిక సంక్షేమ శాఖలను నేను కోరేది ఇది. మాజీ సైనికులు ఎక్కువగా ఉన్న మండలాల్లో ముందుగా మొదలుపెట్టండి. గది కొత్తగా కట్టనక్కరలేదు, సంఘం భవనమో, గ్రంథాలయమో, ఆదివారం ఖాళీగా ఉండే బడి గదో చాలు. ఒక్కో మండలానికి ముగ్గురు నలుగురు మాజీ సైనికులను, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లను ఎంపిక చేసి శిక్షణ ఇప్పించండి, ప్రయాణ ఖర్చులకు గౌరవ వేతనం ఇవ్వండి. అందుకయ్యే కొద్ది మొత్తాన్ని పతాక దినోత్సవ నిధి నుంచి కేటాయించవచ్చు. పిల్లలు బడుల్లో స్టిక్కర్లు కొని జమచేసే ఆ డబ్బుకు ఇంతకంటే తగిన ఖర్చు నాకు కనబడటం లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వైద్యుడు నెలకొక ఆదివారం ఆ గదికి వచ్చి కూర్చునేలా వైద్య ఆరోగ్య శాఖతో ఉత్తర్వు తెప్పించండి. అక్కడ ఎవరి పేరూ రిజిస్టరులో రాయవద్దు, ఎంతమంది వచ్చారన్న అంకె రాస్తే సరిపోతుంది. ఇందులో ఏ పనికీ కొత్త చట్టం అవసరం లేదు, జిల్లా కలెక్టరు, జిల్లా సైనిక సంక్షేమ అధికారి ఒక పూట కూర్చుంటే తేలిపోతుంది. మా వైపు గది సిద్ధంగా ఉంది, శిక్షణకు రావడానికి ఒప్పుకున్నవారూ ఉన్నారు. అధికారులు పిలిస్తే ఏ ఆదివారమైనా వచ్చి మాట్లాడతాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత సుబేదార్, ఆర్మీ మెడికల్ కోర్
తాడేపల్లిగూడెం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా